కొత్త నియోజకవర్గం, ఖాళీ నల్ల కవరు

ఎండాకాలం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు బాలి వెళ్తారు, ఒకరు మనాలి వెళ్తారు. తిరిగొచ్చాక లిఫ్టులో ఫోటోలు చూపిస్తారు. ఈ ఏడు నేనూ వెళ్ళొచ్చాను. మాదాపూర్ నుంచి గట్టిగా రెండు గంటల దారి. ఫోటో ఒక్కటీ లేదు. అక్కడ నేనున్న గదిలో ఫోన్ బయటికి తీయడమే తప్పు. వెళ్ళిన రెండు రోజులూ భయపడ్డాను, తిరిగొచ్చాక ఇంకో మూడు వారాలు భయపడ్డాను. అయినా ఆ వైపు ఎన్నడూ వెళ్ళని మీ కోసం రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం అడగకండి. వాళ్ళకి నా వల్ల జరిగిన నష్టం చాలు, పేరు కూడా నలుగురి నోళ్ళలో నానడం ఎందుకు?

మాదాపూర్

నేను శేరిలింగంపల్లి మండలంలో ప్రభుత్వ బడి పంతులమ్మని. లెక్కలు చెబుతాను. పుట్టింది తెనాలి దగ్గర. పెళ్ళయి ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయినా నోట్లోంచి 'అండీ' పోలేదు. మా ఆయన ఐటీ కంపెనీలో పని చేస్తారు.

ఎన్నికల డ్యూటీ ఆర్డరు వచ్చింది. కొత్తగా ఏర్పడిన పార్లమెంటు నియోజకవర్గంలో, దాని మొట్టమొదటి ఎన్నికకి, ఒక పల్లెలో ప్రిసైడింగ్ అధికారిని. అంటే ఆ పోలింగ్ కేంద్రానికి నేనే పెద్ద దిక్కు. నిన్నటిదాకా మా ఐటీ టవర్లూ ఆ పల్లెలూ ఒకే నియోజకవర్గం. సరిహద్దులు మళ్ళీ గీసినప్పుడు మేం ఒక పక్కా, వాళ్ళు ఒక పక్కా పడ్డాం. కొత్త దాంట్లో అన్నీ ఊళ్ళే.

"గ్యాస్ కట్టేశానా లేదా అని లిఫ్టులోంచి రెండుసార్లు వెనక్కొచ్చే మనిషివి. నీకన్నా తగిన అధికారి వాళ్ళకి దొరకదులే," అని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. శిక్షణ తరగతులకి రెండుసార్లు వెళ్ళి, నోటు పుస్తకంలో నలభై అంశాలు రాసుకుని, వంటింట్లో పప్పు ఉడుకుతుంటే వాటిని అప్పజెప్పుకున్నాను. బయల్దేరిన రోజు కూడా గ్యాస్ మూడుసార్లు చూశాను.

సామాను ఇచ్చే చోట

ఒక కాలేజీ మైదానంలో షామియానాలు వేసి మాకు యంత్రాలూ సంచులూ ఇచ్చారు. పెళ్ళివారి విడిదిలా ఉంది, కాకపోతే అందరి ముఖాల్లోనూ పెళ్ళికూతురి తండ్రి దిగులే. అక్కడే నా సహాయకురాలు రజిత పరిచయమైంది. పక్క మండలంలో పంచాయతీ కార్యదర్శి. ఇది ఆమెకి నాలుగో ఎన్నికట.

నేను సంచి బోర్లించి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దారం, సిరా సీసా, రంగురంగుల కవర్లు. వాటిలో ఒకటి నల్ల కవరు. దాని పని చెప్పాలి, ఈ కథంతా దాని చుట్టూనే ఉంది. ఇప్పుడు ఓటు వేస్తే, వేసిన గుర్తు ఒక చిన్న చీటీ మీద అచ్చయి, ఏడు సెకన్లు అద్దంలోంచి కనపడి, పక్కనున్న డబ్బాలో పడుతుంది. అసలు పోలింగ్‌కి ముందు, యంత్రం సరిగ్గా పని చేస్తోందో లేదో చూడటానికి పార్టీల ఏజెంట్ల ఎదుట యాభై ఉత్తుత్తి ఓట్లు వేస్తాం. తర్వాత యంత్రంలోంచి ఆ ఓట్లు చెరిపేయాలి. డబ్బాలో పడిన చీటీలు తీసి, ముద్ర కొట్టి, నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. అప్పుడే ఖాళీ డబ్బాతో అసలు ఓటింగ్ మొదలవుతుంది.

"ఎన్నిసార్లు లెక్కవెడ్తరు మేడమ్? కవర్లు పిల్లలు వెట్టయి," అంది రజిత.

"మూడుసార్లేనండీ," అన్నాను.

"మస్తు పరేషాన్ మనిషున్నరు మీరు. జర నిమ్మళంగ కూసోండ్రి, పులిహోర సల్లారిపోతది."

దారి

బస్సు ఔటర్ రింగు రోడ్డు దాటాక కూడా చాలాసేపు అద్దంలో మా టవర్లు కనపడుతూనే ఉన్నాయి. అవి పోయాక క్యారెట్ తోటలు వచ్చాయి. రోడ్డు పక్క ఆడవాళ్ళు క్యారెట్లు తొట్లలో కడిగి గోతాలకెత్తుతున్నారు. ఇంజను వేడెక్కి బస్సు ఆగితే దిగి బేరం చేశాను. ఒకామె కిలో ఇరవై అంది. మా గేటు ఎదుటి సూపర్ మార్కెట్లో అరవై. రెండు కిలోలు కొన్నాక, డ్యూటీలో ఉన్నవాళ్ళు కూరగాయలు కొనొచ్చా అని అనుమానం వచ్చింది. రజితని అడిగితే ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

ఇంజను చల్లారేదాకా నేను మాత్రం యంత్రాల పెట్టెల మీద చెయ్యి తీయలేదు. పగలు రెండు గంటల ఎండ. పెట్టెలు వేడెక్కుతాయేమోనని నా దుపట్టా వాటి మీద కప్పాను.

ఊరు

బడి చిన్నది, రెండే గదులు. మా గది గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి, అవి చూశాక కాస్త ప్రాణం కుదుటపడింది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. పేరు యాదయ్య, ఒక అభ్యర్థి తరఫు ఏజెంటు. రెండో అభ్యర్థి ఏజెంటు శ్రీను, ట్రాక్టరు నడుపుతాడు. ఇద్దరూ వరసకి మామా అల్లుళ్ళే, కానీ ఎన్నికల వేళ మాటల్లేవు.

"మా ఊర్ల బూతు వెట్టుడు గిదే మొదలు మేడమ్," అన్నాడు యాదయ్య. "గింతకుముందు నాలుగు కిలోమీటర్లు నడిశి పక్కూరికి వోయి ఏస్తుంటిమి. ముసలోళ్లు సగం మంది పోకపోదురు."

"ఇప్పుడు బాగుందా అండీ?"

"బూతొక్కటే గాదు. మా ఓట్లన్ని మీ పట్నపోళ్ల ఓట్లల్ల కలిశిపోతుండె. గెలిశినాయన ఎవ్వలో మాకెర్క లేకుండె, మేమున్నమని ఆయనకెర్క లేకుండె. గిప్పుడు మొత్తం ఊర్లోళ్లమే. ఈపారి మా ఓటు లెక్కలకొస్తది."

ఆ మాట ఆయన రెండుసార్లు అన్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో పోలింగ్ రోజు సెలవు కలిసొచ్చిందని గోవా టిక్కెట్లు తీసుకున్న వాళ్ళు నాకు గుర్తొచ్చారు. సిగ్గేసింది.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడే మాకూ వండింది. జొన్నరొట్టె, వంకాయ కూర, నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు. మనిషికి ఎనభై రూపాయలు. మా వైపు పచ్చిపులుసులో నువ్వులెరగం. రెండు గిన్నెలు తాగాను. ఆ ఊళ్ళో ఎవరు ఎదురైనా ముందు "తిన్నవా బిడ్డా?" అంటారు. మాదాపూర్‌లో పదేళ్ళుగా ఎదురింట్లో ఉన్నావిడ నన్ను ఇంతవరకూ ఆ మాట అడగలేదు. నేనూ ఆవిడని అడగలేదు లెండి.

సాయంత్రం ఒక పని చేశాను. ఉపాధ్యాయులందరం చేసే పనే. పొద్దున హడావిడి ఉంటుందని కాగితాలన్నీ ముందే పూర్తి చేసి పెట్టుకున్నాను. ఉత్తుత్తి పోలింగ్ ధ్రువపత్రం కూడా రాసేశాను. 'చీటీలు తీసి నల్ల కవరులో ఉంచి సీలు వేయడమైనది' అని నా ముత్యాల్లాంటి చేతిరాతతోనే నింపాను. సమయం, సంతకాలు మాత్రం ఖాళీ వదిలాను. అన్నీ సిద్ధంగా ఉన్నాయన్న ధైర్యంతో పడుకుంటే ఆ ధైర్యాన్ని దోమలు తినేశాయి.

పోలింగ్ పొద్దున

అయిదున్నరకే ఏజెంట్లు వచ్చారు. యాభై ఉత్తుత్తి ఓట్లు వేశాం. యంత్రం చూపిన లెక్క సరిపోయింది. చెరిపేశాను, సున్నా చూపించాను. ఇక చీటీల డబ్బా తెరవాలి. సరిగ్గా అప్పుడే గుమ్మంలో గాజుల చప్పుడు వినపడింది.

అయిదారుగురు ఆడవాళ్ళు. చేతుల్లో పళ్ళెం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ముందున్నావిడ అప్పుడే గడపకి పసుపు రాస్తోంది. ఇంకొకావిడ కుంకుమ పట్టుకుని సరాసరి యంత్రం వైపు వస్తోంది.

"అమ్మా, ఆగండమ్మా! ఆగండి!" అని అడ్డంగా చేతులు చాపాను.

"బోరు వడ్డా, ట్రాక్టరు గొన్నా బొట్టు వెట్టకుంట ముట్టం మేడమ్. కొత్త మిషినాయె. బొట్టు వెట్టకుంట ఎట్ల?"

శ్రీను లేచాడు. "గా పళ్లెం ఎవలింట్ల నుంచి వచ్చిందో నాకెర్కనే. వాళ్ల మనుషులు బొట్టు వెడ్తే నేనొప్పుకోను." యాదయ్య కూడా లేచాడు. మామా అల్లుళ్ళ మధ్య మూడు నెలలుగా ఆగిన మాటలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. పసుపు రాసినందుకే పోలింగ్ రద్దు చేస్తారేమోనని ఒక భయం, రాయనివ్వకపోతే ఊరు తిరగబడుతుందేమోనని ఇంకో భయం. చివరికి ఒక ఒప్పందం కుదిర్చాను. బడి గేటు బయట, రోడ్డు మీద కొబ్బరికాయ కొట్టుకోవచ్చు. యంత్రానికి బొట్టు లేదు, నాకు పెట్టండి. వాళ్ళు నా నుదుట అర్ధరూపాయంత బొట్టు పెట్టారు. రజిత తడిగుడ్డతో గడప తుడిచింది.

వాళ్ళని గేటు దాటించి తిరిగి వచ్చి చూస్తే ఏడుకి పది నిమిషాలే ఉంది. బయట వరస గేటు దాకా ఉంది. ధ్రువపత్రం తీశాను. అన్నీ నింపే ఉన్నాయి, చక్కగా. సమయం వేసి ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించాను. యాదయ్య ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని సంతకం చేశాడు. డబ్బాకి సీలు వేశాం, ఏడు కొట్టేసరికి మొదటి ఓటు పడింది.

గ్యాస్ మూడుసార్లు చూసుకునే నేను ఆ డబ్బా ఒక్కసారి కూడా తెరవలేదు.

మధ్యాహ్నం

ఒంటిగంట దాటింది. వరస తగ్గింది. అప్పటికే సగం ఊరు ఓటేసింది. ఒక తాతని మంచంతో సహా మోసుకొచ్చారు. సిరా చుక్క పెడితే ఒప్పుకోక, గోరంతా పూయమని అడిగిన ముసలమ్మలున్నారు. నాకు చాలా రోజుల తర్వాత భయం లేకుండా ఆకలేసింది.

పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టాను. నల్ల కవరు చేతికి తగిలింది. తేలిగ్గా ఉంది. తీసి చూశాను. లోపల ఏమీ లేదు.

డబ్బా వైపు చూశాను. ఆ యాభై చీటీలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. వాటి మీద పొద్దుట్నుంచీ ఊరి చీటీలు పడుతున్నాయి. తీసి సీలు వేశామని నేను రాసిన కాగితం మీద ఇద్దరు ఏజెంట్ల సంతకాలున్నాయి.

రజితకి చెవిలో చెప్పాను. ఆమె నవ్వలేదు. మెల్లగా అంది. "ఊకోండ్రి మేడమ్. యంత్రంల లెక్క సక్కగనే ఉన్నది. చీటీలు అన్ని డబ్బల్ల లెక్కవెట్టరు, ఏవో కొన్నే తీసి యంత్రం లెక్కతోని పోల్చి సూస్తరు. మనదే వస్తదని ఏమున్నది? చెప్పిన్రనుకో, మీ నౌకరికి ఎసరొస్తది. ఊరోళ్లకు గూడ నష్టమే. గిసొంటి డబ్బల్ని పక్కకు వెడ్తరు."

అది నిజమే. శిక్షణలో చెప్పారు, నా నోటు పుస్తకంలో ఉంది. ఇలాంటి తప్పు జరిగిన కేంద్రం ఓట్లని ముందు లెక్కలో కలపరు. గెలుపు తేడా బాగా తక్కువ వస్తేనే వాటిని మళ్ళీ తీస్తారు. అంటే నేను నోరు విప్పితే ఈ ఊరి తొలి ఓట్లు పెట్టెలోనే ఉండిపోవచ్చు. విప్పకపోతే, బహుశా, ఎవరికీ ఏమీ కాదు. ఆ 'బహుశా' దగ్గర నా బుర్ర ఆగిపోయింది. అరగంట అలాగే ఆగింది. ఓటర్ల పేర్లు చదువుతున్నారు, మీట మోగుతోంది, ఒక్కో మోతకీ ఆ యాభై మీద ఇంకో చీటీ పడుతోంది.

ఆఖరికి భోజన విరామం లేని ఆ మధ్యాహ్నం, వరస ఖాళీ అయిన రెండు నిమిషాల్లో, ఏజెంట్లిద్దరినీ పక్కకి పిలిచి చెప్పాను. సంతకం వాళ్ళది, వాళ్ళకి తెలియాలి కదా అనిపించింది.

శ్రీను వెంటనే అన్నాడు. "చెప్పకుండ్రి మేడమ్. మా ఓట్లు పక్కకు వెడ్తే మల్ల ఎవలు లెక్కవెడ్తరు?"

యాదయ్య నన్ను చూడకుండా గోడ మీది ఎక్కాల వైపు చూశాడు.

"నేను సదువుకోలే మేడమ్. మీరు వెట్టుమంటె వెట్టిన. సదువుకున్నోళ్లు గదా అని వెట్టిన."

"తప్పు నాదేనండీ," అన్నాను.

"రేపు మా డబ్బనే తీసిన్రనుకో. ఏసినోళ్లకంటె ఎక్కువ చీటీలెల్తయి. ఏమంటరు? గీ ఊరోళ్లు దొంగోట్లేసిన్రంటరు. మొదటిపారే గా పేరొస్తె మల్ల మాకు బూతిస్తరా?" శ్రీను వైపు తిరిగాడు. మూడు నెలల తర్వాత అల్లుడితో ఆయన నెమ్మదిగా మాట్లాడటం అదే మొదలనుకుంటా. "ఈపారి ఓటు పోతె పోనీ. బూతు పోవద్దురా."

శ్రీను తల దించుకున్నాడు. నేను సెక్టారు అధికారికి కబురు చేశాను. జీపులో ఊళ్ళన్నీ తిరిగి చూసుకునే పెద్ద అధికారి ఆయన. వచ్చి, అందరి ముందూ నన్ను చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టి, జరిగింది జరిగినట్టు డైరీలో రాయించారు. ఓటింగ్ మాత్రం ఆపవద్దన్నారు. "మీ తప్పుకి వాళ్ళ ఓటు ఆపలేం కదా," అన్నారు. ఆ మాట తిట్లన్నింటికన్నా ఎక్కువ తగిలింది.

ఆరింటికి ఇరవై నిమిషాల ముందు

గది ఖాళీ అయిపోయింది. తలుపు దగ్గర ఒకామె నిలబడింది. నీలం చీర, చెప్పుల నిండా దుమ్ము, ఒగరుస్తోంది. పేరు బాలమణి.

"బందు జేసిన్రా మేడమ్?"

"లేదమ్మా, రండి."

ఆమె సిరా పెట్టించుకుంటూ రజితకి చెబుతోంది. నానక్‌రామ్‌గూడలో ఒక టవర్లో ఊడ్చే పని. సూపర్‌వైజరు సెలవివ్వలేదు. సగం రోజు కూలి వదులుకుని, రెండు షేరాటోలు, ఒక బస్సు, ఆఖరి మూడు కిలోమీటర్లు నడక.

"మా అత్త జచ్చేదాక గా పక్కూరికి నడిశి ఓటేసింది మేడమ్. మా ఊరి బడిల ఏస్తననుకోలే."

రజిత నా వైపు చూసింది. చెప్పాలా వద్దా అని ఆమె చూపు. నేను కళ్ళు దించుకున్నాను.

మీట మోగింది. బాలమణి ఓటు యంత్రానికి అడ్డం పెట్టిన అట్ట వెనకనుంచి నవ్వుతూ బయటికి వచ్చింది.

"చీటి గనవడ్డది మేడమ్. ఏడు దాక లెక్కవెట్టిన. మంచిగ లోపల వడ్డది."

"వెళ్ళిరండమ్మా," అన్నాను.

మళ్ళీ మాదాపూర్

సామాను అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి కిలో క్యారెట్లు వాడిపోయాయి. మిగతా కిలో రజితకి ఇచ్చేశాను. పదిరోజుల్లో సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జవాబు రాశాను. ఆ జవాబులో ఒక్క మాట కూడా ముందుగా రాసిపెట్టుకోలేదు. ఆ విషయం ఇంకా తేలలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఓట్ల లెక్కింపు రోజు ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం యాదయ్య ఫోన్ చేశాడు.

"మన డబ్బ తియ్యలే మేడమ్. తేడ మస్తొచ్చింది. ఇగ తియ్యరంట."

"యాదయ్యగారూ..." అన్నాను.

"పేరైతె ఖరాబు గాలే. గది సాలు," అన్నాడు. "తిన్నరా?" అని కూడా అడిగాడు.

ఆ సాయంత్రం షేరాటో ఎక్కి నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. ఏజెంట్లకి చెప్పాను, అధికారికి చెప్పాను, ఆమెకి మాత్రం చెప్పలేదు. టవర్ల కింద మూడు గేట్ల దగ్గర అడిగితే మూడో గేటు దగ్గర దొరికింది. యూనిఫాంలో ఉంది. గోటి మీది సిరా మొదట్లోంచి కొంచెం పైకి జరిగింది.

జరిగినదంతా నిలబడే చెప్పాను. ఉత్తుత్తి చీటీలూ, కొబ్బరికాయా, నేను ముందే నింపిన కాగితమూ. ఆమె వేసిన ఓటు లెక్కలోకి రాలేదని కూడా. ఆమె గోరు వైపు చూసుకుంది.

"అంటె నేనొచ్చి ఏసిన్నన్న ముచ్చటే వాళ్లకెర్క లేదన్నట్టు."

"అవునమ్మా."

పక్కన క్యాబులు హారన్లు కొడుతున్నాయి. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మల్ల ఎప్పుడు మేడమ్ ఎలచ్చన్లు?"

"అయిదేళ్ళకి."

"అయితె అప్పుడు గూడ మీరే రాండ్రి. కొత్తోళ్లొస్తె మల్ల గిట్లనే మర్శిపోతరు. మీకైతె ఇగ మర్వదు."

ఎవరికి ఏ ఊళ్ళో డ్యూటీ పడుతుందో మా చేతుల్లో ఉండదని, అదంతా కంప్యూటరే తీస్తుందని చెప్పబోయాను. ఆమె నిజంగానే జవాబు కోసం చూస్తోంది.

"వస్తాను," అన్నాను.